ఎంటీబీ ఫ్రేమ్ పగిలింది: వెల్డింగ్ షాపుకి వెళ్లే ముందు

ఎంటీబీ (కొండదారుల సైకిల్) కడుగుతుంటేనో, చైన్‌కి ఆయిల్ వేస్తుంటేనో ఫ్రేమ్ మీద వెంట్రుకంత గీత కంటబడుతుంది. తడిగుడ్డతో తుడిచినా పోదు. అక్కడి నుంచి సలహాలు మొదలవుతాయి. సైకిల్ షాపులో అడిగితే "ఫ్రేమ్ పోయింది సార్, కొత్తది చూసుకోండి" అంటారు. వెల్డింగ్ షాపులో "పది నిమిషాల పని, ఆర్గాన్ కొట్టేస్తా" అంటారు, అంటే ఆర్గాన్ వాయువు వాడి చేసే వెల్డింగ్. కలిసి తొక్కే మిత్రుడు "ఎం-సీల్ పెట్టెయ్, నాది అలాగే నడుస్తోంది" అంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ ముగ్గురూ అడగాల్సిన రెండు ప్రశ్నలు అడగలేదు. ఫ్రేమ్ ఏ లోహం? పగులు ఎక్కడ?

చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నది. ఫ్రేమ్ విషయంలో కొన్ని పనులు చేశాక వెనక్కి రాలేం. డ్రిల్ పెట్టినా, వెల్డింగ్ చేయించినా వారంటీ దారి మూసుకుపోతుంది. అల్యూమినియం పైపుని ఒకసారి కరిగిస్తే దాని పాత బలం మామూలు షాపులో ఎవరూ తిరిగి తేలేరు. అందుకని పైసా ఖర్చు లేని పనులన్నీ ముందు పూర్తి చేసి, వెల్డింగ్‌ని వరసలో చివరికి నెట్టాలి. మన దగ్గర ఎక్కువమంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు.

అది నిజంగా పగులేనా?

కనిపించే ప్రతి గీతా పగులు కాదు. పౌడర్ కోటింగ్ మందంగా ఉంటుంది కాబట్టి వెల్డింగ్ అంచుల దగ్గర అదే పెళుసెక్కి చిట్లుతుంది. కేబుల్ రాసుకున్న చోట, గులకరాయి తగిలిన చోట పడిన గీతలు మురికి పట్టాక పగుళ్లలాగే కనిపిస్తాయి. తేడా చాలావరకు గీత నడకలో తెలుస్తుంది. పెయింట్ గీత కొమ్మలుగా చీలి అడ్డదిడ్డంగా పోతుంది. లోహంలో వచ్చిన పగులు వెల్డింగ్ అంచుని పట్టుకునో, పైపుకి అడ్డంగానో ఒక దారిన సాగుతుంది. స్టీలు ఫ్రేమ్ అయితే గీతలోంచి తుప్పు రంగు కారుతుంది. అల్యూమినియం అయితే శుభ్రంగా తుడిచిన తర్వాత కూడా గీత వెంట మళ్లీ నల్లటి మసి లాంటిది తేలుతుంది. పగులు రెండు అంచులూ ఒకదానికొకటి రాసుకుని అరిగిన పొడి అది.

స్పిరిట్‌తో తుడిచి, ఫోన్ టార్చ్‌ని ఏటవాలుగా పట్టుకుని చూడండి. దూది ముక్కతో నెమ్మదిగా రుద్దితే పగులు అంచుకి పోగులు చిక్కుకుంటాయి. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపుతుంటే, గీత కాస్త తెరుచుకుని మూసుకోవడం పక్కనున్నవాళ్లకి కనిపించవచ్చు. అలా కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. తొక్కడం ఆ నిమిషమే ఆపేయాలి. కిర్రుకిర్రుమనే శబ్దాన్ని మాత్రం రుజువుగా తీసుకోకండి. అది పెడల్ నుంచి, సీట్ పోస్ట్ (సీటుని మోసే గొట్టం) నుంచి, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) నుంచి కూడా వస్తుంది.

ఈ దశలో పెయింట్ గీకొద్దు. ఫొటోలు తీయండి. గీత పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి, సైకిల్ మొత్తం కనిపించేలా ఒకటి, బాటమ్ బ్రాకెట్ కింద చెక్కి ఉండే సీరియల్ నంబర్‌ది ఒకటి.

ఎక్కడ పగిలింది?

ఫ్రేమ్ పగుళ్లలో ఎక్కువ భాగం ఒక్క దెబ్బకి వచ్చినవి కావు. లోహం అలసిపోయి వచ్చినవి. ప్రతి పెడల్ తొక్కుకీ, ప్రతి గుంతకీ పైపు కొద్దిగా వంగి తిరిగి వస్తుంది. ఆ వంపు భారం పైపు అంతటా సమానంగా పడదు. వెల్డింగ్ అంచు, కేబుల్ దూరే రంధ్రం, బాటిల్ బిగించే మర, సీట్ ట్యూబ్ (సీట్ పోస్ట్ దిగే నిలువు పైపు) పైన ఉండే చీలిక లాంటి చోట్ల పోగవుతుంది. పగులు పుట్టేది అక్కడే. తయారీదారులకి ఇది తెలుసు. సైకిళ్ల భద్రతకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210 ప్రకారం ఫ్రేమ్‌ని యంత్రానికి బిగించి, పెడల్ తొక్కే బలాన్ని 1 లక్ష సార్లు వేసి చూస్తారు. ఆ పరీక్ష గట్టెక్కిన ఫ్రేమ్‌కి మంచి ఆయుష్షు ఉంటుంది. చావే లేదని మాత్రం కాదు. స్టీలుకి ఒక పరిమితి ఉంటుంది. వంపు దానికి లోపలే ఉంటే ఎన్నిసార్లు వంచినా అలసట పగులు రాదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన పరిమితి లేదు. ప్రతి చిన్న వంపూ దాని ఖాతాలో పడుతూనే ఉంటుంది.

సీట్ ట్యూబ్ పై భాగం పగలడం మన దగ్గర తరచూ చూసేదే. షాపులో ఉన్న సైజునే కొనేవాడికి అంటగట్టడం దీనికి ఒక పెద్ద కారణం. పొడుగు మనిషికి చిన్న ఫ్రేమ్ ఇస్తారు. కాలు చాపుకోవడానికి అతను సీటుని పైకి లాగుతూ పోతాడు. సీట్ పోస్ట్ మీద కనీసం ఇంత లోపల ఉండాలని ఒక గీత ఉంటుంది, అది ఎప్పుడో బయటికి వచ్చేస్తుంది. అప్పుడు మనిషి బరువంతా సీట్ ట్యూబ్ పైనున్న కొద్ది ముక్క మీద గునపంలా పనిచేసి దాన్ని చీలుస్తుంది. పోస్ట్ అడుగు టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై పైపు) అతుకు దాటి కిందికి దిగి ఉంటే ఆ భారం రెండు పైపులకీ పంచబడేది.

హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఫోర్క్ దూరే పొట్టి పైపు) దగ్గర, ముఖ్యంగా దాని కింద డౌన్ ట్యూబ్ (అక్కడి నుంచి పెడళ్ల వైపు వాలే పైపు) అతికిన చోట వచ్చే పగులు వేరే జాతి. ఎత్తు నుంచి దూకడాలు, ముందు చక్రం గుంతలో పడటాలు, ఫ్రేమ్‌కి తగనంత పొడుగు ఫోర్క్ బిగించడం దానికి కారణాలు. 100 మి.మీ. ట్రావెల్ (సస్పెన్షన్ కుంగే దూరం) ఉన్న ఫోర్క్‌కి గీసిన ఫ్రేమ్‌కి 140 ఫోర్క్ వేస్తే చూడటానికి బాగానే ఉంటుంది, ఆ అతుకు మీద మాత్రం ప్రతి దెబ్బా ఎక్కువ బలంతో పడుతుంది. కొన్ని ఫ్రేమ్‌ల మీద 1 నుంచి 5 దాకా అంకె ఉన్న స్టిక్కర్ ఉంటుంది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ వర్గీకరణలో 2 అంటే కంకర దారులు, 15 సెం.మీ. దాకా ఎత్తుపల్లాలు. 3 అంటే కొండదారులు, 61 సెం.మీ. లోపు ఎత్తు నుంచి దూకడాలు. చూపుకి ఎంటీబీలా ఉండే చవక సైకిళ్లలో చాలావాటి అసలు స్థాయి 2 కి మించదు. వాటిని అనంతగిరి గుట్టల్లో రాళ్ల మీద నుంచి దూకిస్తే తప్పు ఎవరిదో చెప్పడం కష్టం.

ఇక పగుళ్లు వచ్చే మిగతా చోట్లు: చైన్‌స్టేలు, సీట్‌స్టేలు (వెనక చక్రానికి రెండు వైపులా ఉండే కింది, పై సన్న పైపులు), డ్రాపౌట్లు (చక్రం ఇరుసు కూర్చునే చోట్లు), డిస్క్ బ్రేక్ బిగించే చెవులు, బాటమ్ బ్రాకెట్ చుట్టూ. ఫుల్ సస్పెన్షన్ (వెనక కూడా షాక్ ఉన్న) సైకిల్ అయితే షాక్ బోల్టు పట్టే చోట్లు, పివట్లు (కదిలే కీళ్లు). ఆ సైకిళ్లలో వెనక త్రికోణం చాలాసార్లు విడి భాగంగానే వస్తుంది. అది ఒక్కటే దొరికితే ఫ్రేమ్ మొత్తం మార్చక్కర్లేదు.

స్థలం ఎందుకింత ముఖ్యమంటే, పగులు పూర్తిగా తెగిన క్షణంలో మీరు ఎలా పడతారన్నది దాన్ని బట్టే ఉంటుంది. చైన్‌స్టే తెగితే వెనక చక్రం పక్కకి ఒరిగి ఫ్రేమ్‌కి రాసుకుంటుంది, బండి ఊగిసలాడుతుంది. చాలాసార్లు ఆగి దిగే వ్యవధి దొరుకుతుంది. సీట్ ట్యూబ్ పైన తెగితే సీటు వెనక్కి వాలుతుంది, దెబ్బ తగలొచ్చు, కానీ చేతులు హ్యాండిల్ మీదే ఉంటాయి. హెడ్ ట్యూబ్ తెగితే హ్యాండిల్, ఫోర్క్, ముందు చక్రం ఒక ముక్కగా విడిపోతాయి. ముఖం నేలకి తగిలే లోపు ఆలోచించే సమయం కూడా ఉండదు. కాబట్టి హెడ్ ట్యూబ్ దగ్గర పగిలిన ఫ్రేమ్‌కి చవక మరమ్మతు లేదు. దీంట్లో నాకు రెండో మాట లేదు. ఫోర్క్ స్టీరర్ (హెడ్ ట్యూబ్‌లో దూరే ఫోర్క్ గొట్టం), హ్యాండిల్ బార్, స్టెమ్ (హ్యాండిల్‌ని స్టీరర్‌కి పట్టే ముక్క)లకీ ఇదే వర్తిస్తుంది. పగిలితే పడేయడమే.

వారంటీ అనే మర్చిపోయిన కాగితం

ఫ్రేమ్ పగిలినవాళ్లలో చాలామంది వారంటీ అడగనే అడగరు. "నాలుగేళ్లయింది, ఇప్పుడెవరిస్తారు" అనుకుంటారు. కానీ ట్రెక్, జెయింట్, స్పెషలైజ్డ్ లాంటి కంపెనీలు మొదటి యజమానికి ఫ్రేమ్ మీద జీవితకాల వారంటీ ఇస్తాయి, కొన్ని మోడళ్లకి మినహాయింపులతో. డెకాథ్లాన్ కూడా తన రాక్‌రైడర్ ఫ్రేమ్‌లకి జీవితకాల వారంటీ ఇస్తుంది. చక్రాలకీ గేర్లకీ ఏడాదో రెండేళ్లో ఉండే వారంటీ, ఫ్రేమ్‌కి ఉండే వారంటీ వేర్వేరు. ఆ కాగితం మీద రెండూ వేర్వేరు వరసల్లో రాసి ఉంటాయి, మనం మొదటి వరస చదివి ఆపేస్తాం.

దీనికి బిల్లు కావాలి. బిల్లు పోతే కొన్నచోట ఫోన్ నంబర్‌తో వెతికించండి, మెయిల్‌లో చూడండి, కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకి చాలా కంపెనీల్లో ఈ హక్కు ఉండదు. యాక్సిడెంట్ వల్ల పగిలినా, వాడకూడని ఫోర్క్ వేసినా, సీట్ పోస్ట్ గీత దాటి లాగినా తిరస్కరిస్తారు. అలాంటప్పుడు కూడా "క్రాష్ రీప్లేస్‌మెంట్ ఏమైనా ఉందా" అని అడగండి. కొన్ని కంపెనీలు పగిలిన ఫ్రేమ్ తీసుకుని కొత్తది తగ్గింపు ధరకి ఇస్తాయి. అడగనివాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పరు.

వారంటీ ఒప్పుకున్నా ఖర్చు సున్నా కాదని ముందే తెలిసి ఉండాలి. విప్పి బిగించే కూలి చాలాసార్లు మనదే. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. మీ మోడల్ ఆగిపోయి ఉంటే దగ్గరి మోడల్ ఫ్రేమ్ ఇస్తారు. దాని వెనక యాక్సిల్ వెడల్పు వేరే అయితే మీ వెనక చక్రం అందులో పట్టదు. ఉచితంగా వచ్చిన ఫ్రేమ్ కోసం కొత్త చక్రం కొనాల్సి వస్తుంది. ఒప్పుకునే ముందు కొలతలు రాతపూర్వకంగా అడగండి. కుదరకపోతే పాత భాగాలు పట్టే ఫ్రేమ్ గానీ, కావాల్సిన భాగాలు గానీ ఇమ్మని అప్పుడే బేరమాడాలి, ఫ్రేమ్ చేతికొచ్చాక కాదు.

తయారీ లోపం అని స్పష్టంగా కనిపిస్తున్నా షాపూ కంపెనీ ఒకరి మీద ఒకరు తోసుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అది తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వివాదం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. సైకిల్ కోసం కోర్టేంటని నవ్వొచ్చు. కానీ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయడానికి ఖర్చేమీ లేదు కదా.

అయస్కాంతం పరీక్ష, ఆర్గాన్ మాయ

వారంటీ దారి మూసుకుపోయాకే మరమ్మతు మాట. అప్పుడు పెయింట్ గీకి చూడొచ్చు. వెల్డింగ్ సామాన్ల షాపుల్లో మూడు స్ప్రే డబ్బాల డై పెనెట్రంట్ సెట్ దొరుకుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి బజార్లలో వెతకొచ్చు. ఒకటి శుభ్రం చేయడానికి, రెండోది ఎర్ర రంగు, మూడోది తెల్ల పొడి. ఎర్ర రంగు చల్లి, కాసేపాగి, పైపైన తుడిచేసి, తెల్లది చల్లితే పగులులోకి దూరిన ఎరుపు బయటికి పీల్చుకొచ్చి గీతలా కనిపిస్తుంది. కంటికి 2 సెం.మీ. అనిపించిన పగులు అంతకంటే పొడవుగా తేలడం మామూలే.

లోహం తెలుసుకోవడానికి ఫ్రిజ్ మీది అయస్కాంతం చాలు. అతుక్కుంటే స్టీలు. అతుక్కోకపోతే, వెల్డింగ్ అతుకులు చేప పొలుసుల్లా లావుగా ఉంటే అల్యూమినియం. అతుకులే లేకుండా నున్నగా, తడితే ప్లాస్టిక్ చప్పుడు వస్తే కార్బన్ కావొచ్చు.

అల్యూమినియం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మోసం జరిగేది ఇక్కడే. మోసం అంటే వెల్డర్ కావాలని చేసేదని కాదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో మంచి ఆర్గాన్ వెల్డర్లు ఉన్నారు, పగిలిన ఇంజిన్ కేసుల్ని అతికే చేయి వాళ్లది. వాళ్లు పెట్టే అతుకు అందంగానే ఉంటుంది. సమస్య అతుకులో కాదు, దాని పక్కన.

సైకిళ్లలో ఎక్కువగా వాడేది 6061 మిశ్రమం, టీ6 స్థితిలో. ఆ టీ6 అన్న రెండక్షరాల్లోనే దాని బలమంతా ఉంది. ఫ్యాక్టరీలో ఫ్రేమ్ మొత్తం వెల్డింగ్ అయ్యాక దాన్ని దాదాపు 530 డిగ్రీల కొలిమిలో ఉంచి, ఒక్కసారిగా చల్లార్చి, వంకరపోయిన చోట్ల సరిచేసి, మళ్లీ 160-175 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చి పదును పెడతారు. అలా పదునెక్కిన లోహం సుమారు 275 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత) దాకా వంగిపోకుండా నిలబడుతుంది. అదే లోహం పూర్తిగా పదును పోయి మెత్తబడితే సుమారు 55 దగ్గరే లొంగిపోతుంది. వెల్డింగ్ మంట తగిలిన చోట పదును పోయి, అతుకు పక్కన కొంత మేర బలం దాదాపు సగానికి పడిపోతుంది. పగిలిన ప్లాస్టిక్ బకెట్‌కి ఎర్రగా కాల్చిన చువ్వతో అతుకేస్తే, అతుకు గట్టిగానే ఉండి దాని పక్కనే మళ్లీ చీలడం మనిళ్లల్లో చూసిందే. ఇక్కడా అంతే. మళ్లీ పగిలేది అతుకు కాదు, దాని అంచు.

"వెల్డింగ్ చేశాక పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో పెడతారు కదా, అదే హీట్ ట్రీట్‌మెంట్ అయిపోతుంది" అని కొందరు ధైర్యం చెబుతారు. కాదు. కోటింగ్ ఓవెన్ వేడి 200 డిగ్రీల దగ్గర, అదీ కొద్ది నిమిషాలు. 530 డిగ్రీల మెట్టు ఎక్కకుండా పదును తిరిగి రాదు. 7005 అనే ఇంకో మిశ్రమానికి ఆ పెద్ద కొలిమి అక్కర్లేదు, తక్కువ వేడి మీద పదును చాలావరకు తిరిగి తెచ్చుకుంటుంది. కానీ మీ ఫ్రేమ్ ఏదో స్టిక్కర్ మీద రాసి లేకపోతే చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. హీట్ ట్రీట్‌మెంట్ చేసే పరిశ్రమలు హైదరాబాద్‌లో ఉన్నాయి. ఒక్క ఫ్రేమ్ కోసం కొలిమి వెలిగించే ఖర్చు, వంకరపోతే సరిచేసే ఖర్చు కలిపితే ఇంకో పాత సైకిల్ వచ్చేస్తుంది.

వెల్డింగ్ కూలి ఎలాగూ అసలు ఖర్చులో చిన్న ముక్క. మంట తగిలే చోటికి దగ్గరున్న బేరింగులు, కేబుళ్లు, షాక్ అన్నీ విప్పాలి. తర్వాత మళ్లీ బిగించాలి, కేబుళ్లు కొత్తవి వేయాలి, గీకిన చోట రంగు వేయాలి. బాటమ్ బ్రాకెట్ గొట్టం దగ్గర వెల్డింగ్ చేస్తే మరలు వంకరపోయి దాని బేరింగు కప్పు ఎక్కదు. ఇవన్నీ లెక్కేశాక "చవక" అన్న మాట నిలుస్తుందా అని చూసుకోండి.

అయినా వేరే దారి లేక చేయించాల్సి వస్తే, వెనక త్రికోణంలోనే, ఊళ్లో పనులకి తొక్కే సైకిల్‌కే చేయించండి. పగులు కొనలు ఎక్కడున్నాయో డైతో గుర్తించి, ఒక్కో కొన దగ్గర 3 మి.మీ. రంధ్రం పెట్టి, పగులు పొడవునా గీసి తెరిచాకే లోహం నింపాలి. పైపైన పూస్తే లోపల పగులు అలాగే ఉంటుంది. బలం కోసం పైన పట్టీ వేస్తానంటే చదరపు ముక్క వద్దనండి. చివర్లు కోసుగా సాగిన పొడుగు పట్టీ వేసి, పైపుకి అడ్డంగా కాకుండా పొడవునా వెల్డ్ చేయమనండి. అడ్డంగా చుట్టిన వెల్డింగ్ రేపటి పగులుకి ఈ రోజే గీసిన గీత. తర్వాత వారం వారం ఆ అంచు చూసుకోవాలి, కొండల వైపు తిప్పకూడదు.

సీట్ ట్యూబ్ పైభాగం పగులుకి మాత్రం వెల్డింగ్ లేని ఒక మార్గం ఉంది. పగులు చిన్నదై, టాప్ ట్యూబ్ అతుకుకి ఇంకా దూరంలోనే ఆగి ఉంటే, పగిలినంత మేర పైన కోసేసి, చీలికని కిందికి పొడిగించి, అంచులు నునుపు చేయొచ్చు. ఆ తర్వాత అతుకు దాటి బాగా కిందికి దిగే పొడుగు సీట్ పోస్ట్ వేయాలి. 350 మి.మీ. పోస్ట్ ఉన్నచోట 400 ది. ఖర్చు ఒక పోస్ట్, ఒక క్లాంపు. పగులు అతుకులోకి పాకి ఉంటే ఇది కుదరదు.

స్టీలు అయితే ఊపిరి పీల్చుకోండి

అయస్కాంతం అతుక్కుంటే మీ అదృష్టం బాగుంది. పాల క్యాన్లు మోసిన సైకిళ్లని తరతరాలుగా రోడ్డు పక్కన గ్యాస్ వెల్డింగ్‌తో నిలబెట్టింది ఈ లోహమే. మామూలు స్టీలుకి ఇత్తడి కడ్డీతో బ్రేజింగ్ చక్కగా పనిచేస్తుంది. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) పైపు అయితే జాగ్రత్త కావాలి. దాని గోడ నడిమధ్య అర మిల్లీమీటరు, చివర్లలో 0.8 మి.మీ. మందమే ఉండొచ్చు. గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే కరెంటు రాడ్ వెల్డింగ్ దానికి చిల్లులు పెడుతుంది. గ్యాస్ గానీ టిగ్ (ఆర్గాన్) గానీ వచ్చినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఇంకో ముఖ్యమైన మాట: వెల్డింగ్ అయిపోగానే బకెట్లో ముంచే అలవాటు చాలా షాపుల్లో ఉంది. క్రోమోలీని అలా ముంచితే గట్టిపడి పెళుసెక్కుతుంది. గాలికి దానంతటది చల్లారనివ్వమని ముందే చెప్పండి.

పని అయ్యాక ఫ్రేమ్ వంకర చూడటానికి దారం చాలు. వెనక ఒక డ్రాపౌట్‌కి దారం కట్టి, ముందుకి తీసుకెళ్లి హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో డ్రాపౌట్‌కి బిగువుగా కట్టండి. సీట్ ట్యూబ్‌కి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లయితే పర్వాలేదు. ఎక్కువైతే షాపులో ఉండగానే సరిచేయించండి. స్టీలు ఆ మాత్రం వంగి సర్దుకుంటుంది, అల్యూమినియం సర్దుకోదు. హెడ్ ట్యూబ్ దగ్గర పగులైతే మాత్రం స్టీలు అయినా ఫ్రేమ్ కట్టడం తెలిసిన మనిషికే ఇవ్వాలి.

కార్బన్ ఫ్రేమ్‌కి పగులు మరణశాసనం అనుకోవడం పొరపాటు. దెబ్బతిన్న పొరల్ని ఏటవాలుగా గీకేసి, కొత్త కార్బన్ గుడ్డని ఎపాక్సీతో పొరలుగా వేసి, ఒత్తిడి కింద గట్టిపరిస్తే పైపు మళ్లీ పనికొస్తుంది. కరిగించడం లేదు కాబట్టి చుట్టుపక్కల పదును పోయేదేమీ ఉండదు. పగులు లోపల ఎంత దూరం పాకిందో తెలియడమే కష్టం. నాణెంతో తడుతూ పోతే ఖణేల్ మనే చప్పుడు మొద్దుగా మారిన చోటు దాకా దెబ్బ ఉన్నట్టు. అంచనాకి అది చాలు, పనికి మాత్రం కార్బన్ తెలిసినవాళ్లకే పంపాలి.

ఫ్రేమ్ ఒక్కటే మార్చడం

అల్యూమినియం ఫ్రేమ్ ముందు భాగం పగిలి, వారంటీ లేకపోతే డబ్బు ఆదా చేసే దారి నాకు తెలిసి ఒక్కటే: మిగతా భాగాలు పట్టే ఇంకో ఫ్రేమ్. సైకిల్ ధరలో ఫ్రేమ్ ఒక వంతే. చక్రాలు, ఫోర్క్, బ్రేకులు, గేర్లు బాగుంటే సైకిల్ ఇంకా చావలేదు.

ఖాళీ ఫ్రేమ్ మన దగ్గర సులువుగా దొరకదు. చైనా నుంచి నేరుగా చవకగా తెప్పించుకునే అలీఎక్స్‌ప్రెస్‌ని 2020 నవంబరులో కేంద్రం నిషేధించింది. మిగిలింది పాత సైకిల్ మొత్తంగా కొనడం. అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో దుమ్ము పట్టి, టైర్లు కుళ్లి, గేర్లు తుప్పెక్కి, ఫ్రేమ్ మాత్రం కొత్తగా ఉన్న గేర్ సైకిళ్లకి కొదవ లేదు. కొవిడ్ రోజుల్లో ఉత్సాహంగా కొని నెల తొక్కి వదిలేసినవి వాటిలో చాలా. అలాంటిది కొని, దాని ఫ్రేమ్‌కి మీ భాగాలు ఎక్కించి, దాని మిగతా భాగాల్లో బాగున్నవి అమ్మేస్తే ఫ్రేమ్ అసలు ఖరీదు తేలుతుంది. కొనేటప్పుడు మీ ఫ్రేమ్ ఎక్కడ పగిలిందో అక్కడే ముందు చూడండి. డౌన్ ట్యూబ్ కింద, హెడ్ ట్యూబ్ పక్కన మురికి తుడవనివ్వకపోతే ఆ బేరం వద్దు.

కొలతలు సరిపోవాలి. ఒక సూత్రం గుర్తుంటే సగం పని అయినట్టే: పెద్ద రంధ్రంలో చిన్నదాన్ని సర్దవచ్చు, చిన్న రంధ్రంలో పెద్దదాన్ని దూర్చలేం. కిందికి వెడల్పయ్యే టేపర్డ్ హెడ్ ట్యూబ్‌లో 1-1/8 అంగుళాల తిన్నటి స్టీరర్ ఉన్న ఫోర్క్‌ని తగిన హెడ్‌సెట్‌ (హెడ్ ట్యూబ్ బేరింగుల జత)తో బిగించవచ్చు, టేపర్డ్ ఫోర్క్ మాత్రం పాత తిన్నటి హెడ్ ట్యూబ్‌లో పట్టదు. 31.6 మి.మీ. సీట్ ట్యూబ్‌లో 27.2 పోస్ట్‌ని షిమ్ (సందు నింపే పలచటి గొట్టం) వేసి పెట్టొచ్చు, తిరగేసి కాదు. వెనక యాక్సిల్ దగ్గర ఈ సూత్రం పనిచేయదు. 135 మి.మీ. క్విక్ రిలీజ్ (మీటతో బిగించే సన్న ఇరుసు), 142 త్రూ యాక్సిల్ (ఫ్రేమ్‌లోంచి దూరే లావు ఇరుసు), 148 బూస్ట్ (అదే ఇంకా వెడల్పుది) వేర్వేరు లోకాలు, మీ చక్రం దేనికి చెందిందో ఆ ఫ్రేమే వెతకాలి. చక్రం సైజు, డిస్క్ బ్రేక్ చెవులు ఉన్నాయో లేదో, బాటమ్ బ్రాకెట్ మర రకమా నొక్కి దూర్చే రకమా, ఫోర్క్ ట్రావెల్ ఆ ఫ్రేమ్‌కి తగునా, ఇవీ చూడాలి. మర రకం దొరికితే అదే తీసుకోండి. తర్వాత కిర్రుమనే గొడవ తక్కువ. పాత ఫ్రేమ్ నుంచి దాన్ని విప్పేటప్పుడు చైన్ వైపు కప్పుని మామూలుకి వ్యతిరేకంగా, గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. ఇది తెలియక సుత్తి అందుకున్నవాళ్ల వల్లే చాలా కప్పులు పాడవుతాయి. హెడ్‌సెట్ కప్పులు నొక్కే పరికరం కొనొద్దు, ఆ ఒక్క పనికి షాపులో కూలి ఇవ్వడమే చవక.

చివరికి పగిలిన ఫ్రేమ్ మిగులుతుంది. దాని సీట్ క్లాంపు, డిరైలర్ హ్యాంగర్ (వెనక గేరు యంత్రం వేలాడే చిన్న ముక్క), బాటిల్ బోల్టులు, యాక్సిల్ తీసి దాచుకోండి. ముఖ్యంగా హ్యాంగర్, మీ మోడల్‌దే కావాలంటే తర్వాత దొరకదు, అదే ఫ్రేమ్ ఉన్నవాళ్లెవరికైనా అమ్ముడవుతుంది. మిగిలినదాన్ని పాత సామాన్లవాడికి అల్యూమినియం రేటుకి తూకం వేయించుకోవచ్చు. ఇచ్చే ముందు రంపంతో హెడ్ ట్యూబ్ దగ్గర కోసి రెండు ముక్కలు చేయండి. లేకపోతే ఎవరో దానికి ఆర్గాన్ కొట్టించి, రంగేసి, పిల్లాడి సైకిల్‌గా అమ్మేస్తారు.